డెల్సీటా ఎత్తని చెయ్యి

డెల్సీటా బరెల్‌కి ఇంగ్లాండులో మొగుడున్నాడన్నది అబద్ధం. ఆ సంగతి బయటపడుతుందనే భయంతో నీళ్ళబండి ఆల్వన్‌ బాప్తిస్మానికి చివరి నిమిషంలో అడ్డం పడిందన్నది అంతకన్నా పెద్ద అబద్ధం. ఆ ఇంగ్లాండు మొగుణ్ణి పుట్టించింది రొట్టెల కొట్టు దగ్గర బస్సు కోసం నిలబడే గుంపు. పుకారు కొండ దిగి సంతకు పోయి, సాయంత్రం బస్సులో తిరిగొచ్చేసరికి ఆ మొగుడికి రెండంతస్తుల ఇల్లు, ఒక కుంటికాలు కూడా వచ్చి చేరాయి. కాదు, ఆవిడకి పాస్టరుగారి మీద మనసుందని ఇంకొందరన్నారు. పాస్టరుగారి భార్య సిస్టర్ ఐవీ నిక్షేపంలా ఉంది, ఆవిడ నోరు అంతకన్నా నిక్షేపంలా ఉంది, కాబట్టి ఆ మాట ఎక్కువ దూరం పోలేదు. ప్రేమకథలు రాసీ రాసీ బుర్ర చెడిందని మిగతావాళ్ళు తేల్చేశారు. మా కొండ ఊరు బెతనీ గ్యాప్‌లో ఎవరింటి కుండలో ఏం ఉడుకుతోందో తెలుసుకోకుండా ఉండటం ఎవరికీ చేతకాదు. మూత తీసి చూసే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. జరిగింది ఇదీ.

డెల్సీటా పెళ్ళికేకులు చేస్తుంది. ఈ కొండమీద పెళ్ళయిన ప్రతి జంటా ఆవిడ కేకు కోసినవాళ్ళే. ఎండుద్రాక్ష, రేగుపళ్ళు జాడీల్లో రమ్ము పోసి నెలల తరబడి నానబెడుతుంది. మా గుడి సంఘంలో ఒక్కరూ రమ్ము ముట్టరు, కేకు మాత్రం రెండో ముక్క అడగనివాళ్ళు లేరు. "పొయ్యిలో పెడితే రమ్ముకి కూడా మారుమనసు వస్తుంది" అంటుంది డెల్సీటా. ఇంతమంది పెళ్ళిళ్ళు తీపి చేసిన మనిషికి తన పెళ్ళి మాత్రం కుదరలేదు. తండ్రికి జబ్బు, తరువాత తల్లికి జబ్బు, ఇద్దరూ వెళ్ళిపోయేసరికి నలభై దాటాయి. దానికేమీ కుంగిపోలేదు. తలెత్తుకుని నడిచే మనిషి. బజారులో ఎదురొస్తే పక్కకి తప్పుకోవలసింది మనమే.

ఇక ఆ కథలు. రేడియోలో వచ్చే నాటకాల్లో ఒకడి పెళ్ళాం ఇంకొకడితో లేచిపోవడమే గనక, మన ఆడవాళ్ళకి మంచి ప్రేమకథ ఒకటి ఉండాలని సిస్టర్ ఐవీ ఒకసారి అంది. డెల్సీటా రాయడం మొదలుపెట్టింది. బుధవారం సాయంత్రం గుళ్ళో స్త్రీల సమాజంలో పాట, ప్రార్థన అయ్యాక అల్లం టీ పోసుకుని అందరూ కథకి కూర్చుంటారు. ఆ కథలకి సిస్టర్ ఐవీ పెట్టిన కట్టుబాట్లున్నాయి. ముద్దు పెళ్ళి తరువాతే. అమ్మాయి విశ్వాసి అయి ఉండాలి. అబ్బాయి ఎంత తాగుబోతైనా, ఎంత నాస్తికుడైనా ఆఖరి అధ్యాయానికి రక్షణ పొందాలి, అప్పుడే అమ్మాయి ఔననాలి. మా సంఘం కట్టుబాటు కూడా అదే కదా, విశ్వాసికి అవిశ్వాసితో పెళ్ళి చెయ్యరు.

ఆ ఏడు నడుస్తున్న కథలో అమ్మాయి ఎడ్నా అనే బడిపంతులమ్మ, అబ్బాయి క్లైవ్ అనే పోలీసు. వాళ్ళిద్దరికీ పెళ్ళెప్పుడని ఆడవాళ్ళు డెల్సీటాని దారిలో ఆపి మరీ అడిగేవాళ్ళు. వానాకాలానికి ముందు రెండు పెళ్ళికేకులు ఒక్కసారే మీదపడ్డాయి. ఒక కేకు పొయ్యిలో ఉంది, ఇంకోదానికి పిండి కలపాలి, తెల్లారితే బుధవారం. మధ్యలో కూర్చుని క్లైవ్ రక్షణ పొందే అధ్యాయం గబగబా రాసి పడేసింది. క్లైవ్ సముద్రం ఒడ్డున నిలబడ్డాడు, అలల్లో తన పేరు వినిపించింది, మోకాళ్ళమీద పడ్డాడు, తనలోని పాతమనిషి ఆ ఇసుకలోనే చచ్చిపోయాడు. చదువుతుంటే ఆడవాళ్ళు ఏడ్చారు. "ఆమేన్! ఈ మారు పెళ్ళి చేసెయ్యి సిస్టర్!" అన్నారు. ఏడిపించినందుకు డెల్సీటాకి సంతోషమే. కాని ఇంటికొస్తూ ఏదో ఉప్పు తక్కువైనట్టు అనిపించింది. క్లైవ్ నోట్లో ఆ మాటలు తనే పెట్టింది. నీకేమైనా చెప్పాలనుందా అబ్బాయ్ అని వాణ్ణి ఒక్కసారీ అడగలేదు.

ఆ బుధవారం కిటికీ బయట ఆల్వన్ ఉన్నాడు. అది ఎవరూ చూడలేదు.

ఆల్వన్ స్మాలింగ్ నీళ్ళబండి నడుపుతాడు. మా కొండమీద ఏరు లేదు, బావి లేదు, ఎర్రమట్టి ఉంది. వాన పడితే తొట్లలో పట్టుకోవాలి, పడకపోతే ఆల్వన్ కోసం చూడాలి. గుడిలో వేదిక కింద ఉన్న బాప్తిస్మపు తొట్టి నింపేది కూడా అతనే. గొట్టం లోపలికి వదిలి, బయట గోడ మీద కూర్చుంటాడు గానీ గడప దాటి లోపలికి రాడు. "ఊరందరినీ తడిపేవాడా, నువ్వెప్పుడయ్యా తడిసేది?" అని సంఘపెద్ద డీకన్ పికెట్ ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. "నాకు చెమట చాలు డీకన్" అనేవాడు ఆల్వన్.

డెల్సీటా ఇంట్లో నీళ్ళు అయిపోకముందే బండి వచ్చేది. తొట్టి నిండేదాకా కూర్చుంటాడు, నిండిన తరువాతా కూర్చుంటాడు. సీమపనస కాల్చి పెడితే తింటాడు. ఏళ్ళ తరబడి ఇదే. ఒక రోజు తింటూ తింటూ తన సంగతి చెప్పాడు. తండ్రి చేపలు పట్టేవాడట. సముద్రానికి వెళ్ళి తిరిగి రాలేదు. తల్లి పిల్లాణ్ణి చంకనెత్తుకుని కొండెక్కేసింది. అప్పటినుంచి ఆవిడ గుడి గడప తొక్కలేదు, చివరికి అలాగే పోయింది. ఆల్వన్ ఇంత పెద్దవాడయ్యాక కూడా సముద్రం చూడటానికి కిందికి దిగలేదు. పల్లం ఊళ్ళనుంచి నీళ్ళకి కబురొస్తే వేరే బండిని పంపుతాడు. ఈ మాట డెల్సీటాకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. డెల్సీటా కూడా ఎవరికీ చెప్పలేదు.

క్లైవ్ కథ నడుస్తున్న ఆ ఏడే పెళ్ళి మాట అడిగాడు. వంకర టింకర లేకుండా అడిగాడు.

"డెల్సీ, నువ్వూ ఒక్కదానివి, నేనూ ఒక్కణ్ణి. ఏమంటావ్?"

"మనసు ఔననే అంటోంది" అంది డెల్సీటా. "కాని నా మనసుకి పైన ఇంకొకాయన ఉన్నాడు ఆల్వన్. ఆయన్ని పక్కన పెట్టి నీ పక్కకి రాలేను."

"ఆయన్ని పక్కన పెట్టమని నేననలేదే."

"అనవు. కాని ఆదివారం ఉదయం నేను గుళ్ళో, నువ్వు గోడ మీద. ముసలాళ్ళమయ్యేదాకా అంతేనా?"

ఆల్వన్ గొట్టం చుట్టుకుని వెళ్ళిపోయాడు. అలా కొన్ని వారాలు గడిచాక ఆ బుధవారం వచ్చింది. తొట్టిలో నీళ్ళు పడుతున్నంతసేపూ కిటికీ కింద కూర్చుని అతను క్లైవ్ అధ్యాయం మొత్తం విన్నాడు. వినేసరికి తనకి అంతా అర్థమైపోయిందనుకున్నాడు, పాపం. డెల్సీ నోటితో చెప్పలేక కథలో పెట్టి చెప్పింది, నేను చెయ్యవలసింది ఇదే అనుకున్నాడు. మర్నాడే పాస్టరు టులొక్‌గారి దగ్గరికెళ్ళి బాప్తిస్మానికి పేరిచ్చాడు.

ఊరు ఊరంతా సంబరం. డీకన్ పికెట్ నడిరోడ్డు మీద గంతేశాడు. సిస్టర్ ఐవీ అయితే డెల్సీటా చేతులు పట్టుకుని, "చూశావా సిస్టర్, నీ కథ ఒక ఆత్మని సంపాదించింది!" అని కళ్ళు తుడుచుకుంది. డెల్సీటా గుండె నిజంగానే గంతులేసింది. ఆ రాత్రి కేకు మీద చక్కెర పువ్వులు పెడుతూ, ఒక పువ్వు ఎక్కువ చేసి పక్కన పెట్టుకుంది. ఎందుకో అడిగితే చెప్పేది కాదు.

మా సంఘంలో ఒక పద్ధతుంది. నీళ్ళలో దిగేముందు సంఘమంతా కూడిన చోట ఆ మనిషి నిలబడి సాక్ష్యం చెప్పాలి. ప్రభువు తనని ఎలా పట్టుకున్నాడో సొంత నోటితో చెప్పాలి. అప్పుడు పాస్టరుగారు చేతులెత్తమంటారు. ఇది మర్యాదకి ఎత్తే చెయ్యి కాదు. ఈ మనిషి మాట నిజమని నేను పూచీ అని చెప్పే చెయ్యి. సంఘసభ్యుల్లో ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ మనిషి వచ్చే బాప్తిస్మం దాకా ఆగాలి. ఎత్తనివాళ్ళు కారణం అందరిలో చెప్పనక్కరలేదు. అయినా లేవని చెయ్యి ఎప్పుడు చూశాం గనక? అందరివీ లేస్తాయి, పాట అందుకుంటారు, ఇంటికెళ్ళి అన్నం తింటారు.

ఆల్వన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుకొచ్చాడు. మెడ దగ్గర గుండీ బిగుసుకుపోయి ముఖం ఉబ్బింది. మొదలుపెట్టాడు.

"నేను సముద్రం ఒడ్డున నిలబడి ఉన్నాను. అలల్లో నా పేరు వినిపించింది..."

ఆడవాళ్ళ బెంచీల్లో గుసగుస లేచింది. వాళ్ళు గుర్తుపట్టారు. గుర్తుపట్టి మురిసిపోయారు! కథలో జరిగినట్టే ఈయనకీ జరిగిందని. ఎంత బాగా చెబితే అన్ని ఆమేన్‌లు. మోకాళ్ళ మీద పడ్డానన్నాడు, ఆమేన్. పాతమనిషి ఇసుకలో చచ్చిపోయాడన్నాడు, ఆమేన్, స్తోత్రం. అచ్చం సాక్ష్యం ఎలా ఉండాలో అలాగే ఉంది. కథ రాసినప్పుడు డెల్సీటా అలా ఉండేటట్టే రాసింది మరి.

డెల్సీటా మాత్రం ఆమేన్ అనలేదు. సముద్రం! కన్నతండ్రిని మింగిన సముద్రం, తల్లిని గుడికి దూరం చేసిన సముద్రం, పేరెత్తితే తినే ముద్ద ఆపేసే సముద్రం. దాని ఒడ్డున నిలబడి దేవుడి గొంతు విన్నానని ఆ మనిషి దేవుడి ఎదుటే చెబుతున్నాడు. తను కేకు మాడుతుందేమోనన్న హడావిడిలో రాసిన ముక్క. ఒక్కొక్క మాటా గులకరాయిలా వచ్చి తగిలింది.

"బ్రదర్ ఆల్వన్‌ని చేర్చుకోవడానికి ఇష్టమైనవాళ్ళు చేతులెత్తండి" అన్నారు పాస్టరుగారు.

గాలికి అరటితోట కదిలినట్టు చేతులు లేచాయి. డెల్సీటా పక్కన కూర్చున్న సిస్టర్ జెల్ఫా రెండు చేతులూ ఎత్తింది. డెల్సీటా చెయ్యి ఒళ్ళో ఉంది. ఎత్తితే నాలుగు ఆదివారాలు తిరక్కుండా పెళ్ళి చాటింపు వేస్తారు. కేకు తనే చేసుకుంటుంది. ఎవరూ ఏమీ అనరు, ఎవరికీ ఏమీ తెలియదు. ఎత్తకపోతే ఈ మనిషి మళ్ళీ తన గేటు ముందు బండి ఆపుతాడో లేదో. ఇవన్నీ అనుకోవడానికి సమయం చాలినంతగా పాస్టరుగారు ఆగారు. చెయ్యి లేవలేదు.

"సిస్టర్ డెల్సీటా?" అన్నారాయన, నిద్రపోతోందేమోనన్నట్టు.

"మెలకువగానే ఉన్నాను పాస్టరుగారూ" అంది డెల్సీటా.

పాటెవరూ అందుకోలేదు. ఆల్వన్ ఆ బిగుతు గుండీ తీసేసుకుంటూ పక్క తలుపు లోంచి వెళ్ళిపోయాడు.

పాస్టరుగారు గదిలోకి పిలిచి కారణం అడిగారు. "కారణం నాది, ఆయనది కాదు" అంది. తండ్రి సంగతి, తల్లి సంగతి చెబితే అంతా సర్దుకునేది. కాని అది ఆల్వన్ తన చేతిలో పెట్టిన మాట. తీసి ఇంకొకరి చేతిలో పెట్టడానికి ఆవిడకి హక్కు లేదు. ఆవిడ నోరు విప్పలేదు గనకే ఊరు నోరు విప్పింది. ఇంగ్లాండు మొగుడు అలా పుట్టాడు. ఇప్పుడు ఆల్వనే రొట్టెల కొట్టు ముందు నిలబడి తన సంగతి తను నవ్వుతూ చెప్పుకుంటున్నాడు గనక ఇక్కడ రాస్తే తప్పులేదు.

ఆ సాక్ష్యం మర్నాడు డెల్సీటా ఇంటికి బండి వచ్చింది. నీళ్ళ కోసం కాదు.

"నన్ను ఊరందరి ముందు నిలబెట్టి చెంప పగలగొట్టావు" అన్నాడు గేటు దగ్గరినుంచే. "నువ్వు చెప్పినట్టే చేశాను కదా! నీ కథలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్క మాట తప్పిందా?"

"తప్పలేదు. అదే నా బాధ."

"మరేంటి నీకు కావలసింది?"

"ఆల్వన్, నువ్వెప్పుడు చూశావు సముద్రం?"

అతను గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"పోలీసోడికి పనికొచ్చింది, నాకూ పనికొస్తుందనుకున్నా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"పోలీసోడికీ పనికిరాలేదు. వాడి కథ నేను పాడుచేశాను. నీది పాడుచెయ్యను."

"అయితే ఇక ఆశ పెట్టుకోవద్దంటావు."

"నేనేమీ అనడంలేదు. నీళ్ళు అయిపోతే కబురు చేస్తా. వస్తే రా, రాకపోతే వానకోసం చూస్తా."

ఆ తరువాతి బుధవారం డెల్సీటా ఏమీ జరగనట్టు కాగితాలు పట్టుకుని స్త్రీల సమాజానికి వెళ్ళింది. కుర్చీలు కొంచెం దూరం జరిగాయి. టీ కప్పు ఎవరూ అందించలేదు, తనే పోసుకుంది. కూర్చుని, "పోయిన అధ్యాయం నేను వెనక్కి తీసుకుంటున్నాను" అంది.

"వెనక్కి తీసుకోవడమేంటి?" అంది సిస్టర్ ఐవీ.

"క్లైవ్ రక్షణ పొందలేదు."

పెద్ద గోల. "మునిగినవాణ్ణి మళ్ళీ ఎలా ఆరబెడతావే?" అని సిస్టర్ జెల్ఫా కేకేసింది. "మంచిగా మారినోణ్ణి మళ్ళీ పాపిని చేస్తావా, నీకు చేతులెలా వచ్చాయి?" అని ఇంకో ఆవిడ. "ఆ ఎడ్నా పిల్ల గౌను కూడా కుట్టించుకుంది కదా!" అని మరొక ఆవిడ నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"కట్టుబాటు ఉంది సిస్టర్" అంది ఐవీ. "ఆఖరికి అబ్బాయి మారాలి."

"మారితే నాకూ సంతోషమే" అంది డెల్సీటా. "కాని ఎడ్నా కోసం మారితే, ఎడ్నాతో మొదటి పోట్లాట వచ్చిన రోజున వాడి దేవుడు కూడా ఇంట్లోంచి వెళ్ళిపోతాడు. అలాంటివాణ్ణి నా ఎడ్నాకి కట్టబెట్టను. మీ పిల్లైతే కట్టబెడతారా?"

డెల్సీటా చదివింది. కొత్త అధ్యాయంలో క్లైవ్ గుడి మెట్ల దాకా వస్తాడు, టోపీ తీస్తాడు, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోతాడు. అంతే. ఎవరూ ఏడవలేదు. కాని ఇంటికెళ్ళే దారి పొడుగునా ఆడవాళ్ళు క్లైవ్ గురించి కొట్టుకున్నారు. వాడికి లోపల ఏముందని ఒకరు, వాళ్ళమ్మ చిన్నప్పుడు కొట్టి గుడికి పంపి ఉంటుందని ఒకరు. ఏళ్ళ తరబడి కథలు వింటున్నా వాళ్ళు ఒక మగాడి మనసు గురించి అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. తరువాతి బుధవారం టీ కప్పు జెల్ఫాయే అందించింది. కోపం ఉంది, కాని ఏం జరుగుతుందో తెలియాలి కదా.

ఎండలు ముదిరాయి. తొట్లు అడుగంటాయి. డెల్సీటా కబురు చెయ్యనే లేదు, బండి వచ్చేసింది. ఆల్వన్ గొట్టం వేసి, ఇదివరకటిలా అరుగు మీద కూర్చోకుండా దూరంగా నిలబడి అన్నాడు.

"క్లైవ్ అలా ఊరికే వెళ్ళిపోడు."

డెల్సీటా సీమపనస పొయ్యి మీద తిప్పుతోంది. తిరిగి చూడలేదు. "మళ్ళీ కిటికీ కింద కూర్చున్నావన్నమాట."

"గోడ సంఘానిదే గానీ నీది కాదుగా. చెబుతున్నా విను. మెట్ల దాకా వచ్చినవాడు దేవుణ్ణి ఒక మాట అడిగే వెళతాడు."

"ఏమని?"

ఆల్వన్ వంగి తొట్టిలో గొట్టం సర్దాడు. "మా అమ్మ నీ మీద అలిగి పోయింది, నువ్వు ఆవిడ మీద అలిగావా అని. అదడుగుతాడు. అది తేలకుండా వాడు ఏ నీళ్ళలోనూ దిగడు."

పొయ్యి మీద కాయ ఒక వైపు మాడింది. డెల్సీటా చూసుకోలేదు.

"పాస్టరుగారిని అడగమను" అంది మెల్లిగా.

"ఆయన దగ్గర జవాబుంటుంది డెల్సీ. జవాబు చెప్పేసి ప్రార్థన చేసి పంపేస్తాడు. వాడికి ముందు అడగనిచ్చే మనిషి కావాలి."

"అయితే కూర్చో" అంది డెల్సీటా. "కాయ మాడింది, మాడినవైపు నేను తింటా."

ఆ రోజు తొట్టి నిండి పొర్లి ఎర్రమట్టి అంతా బురదయింది. ఎండాకాలంలో అంత నీళ్ళు వృథా చేసినందుకు వీధిలో వాళ్ళు ఇప్పటికీ తిడతారు. తరువాత ఆల్వన్ పాస్టరుగారి దగ్గరికి కూడా వెళ్ళాడు. ఒక్కసారి కాదు. మొదట గట్టిగా మాట్లాడుకున్నారని, రెండోసారి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా పెండలం పాదులు చూసుకుంటూ కూర్చున్నారని సిస్టర్ ఐవీ చెప్పింది. పేరు మళ్ళీ ఇవ్వలేదు. ఇస్తాడో లేదో కూడా ఎవరికీ తెలియదు. బుధవారాలు కిటికీ కిందే కూర్చుంటాడు, కాని ఇప్పుడు లోపలినుంచి ఎవరో ఒకరు ఒక కప్పు టీ కిటికీలోంచి అందిస్తారు. ఎడ్నాకీ క్లైవ్‌కీ ఇంకా పెళ్ళి కాలేదు. పట్నంనుంచి ఎవరో ఆ కథని పుస్తకంగా వేస్తాం, చివర పెళ్ళి పెట్టమన్నారట. క్లైవ్‌ని అడిగి చెబుతానని డెల్సీటా జవాబు రాసింది.

ఇంగ్లాండు మొగుడు మాత్రం ఊళ్ళో తిరుగుతూనే ఉన్నాడు. ఇక ఆగలేక పక్కింటి సిస్టర్ జెల్ఫా ఒక శనివారం పొద్దున కంచె మీదుగా కాదు, సరాసరి వంటింట్లోకే వెళ్ళింది. డెల్సీటా పెద్ద గిన్నె ఒళ్ళో పెట్టుకుని వెన్న, చక్కెర గిలకొడుతోంది. జెల్ఫా పీట లాక్కుని కూర్చుంది.

"నీ పక్కనే కూర్చున్నాను ఆ రోజు. నా రెండు చేతులూ లేచాయి, నీది ఒక్కటీ లేవలేదు. నన్ను అందరూ అడుగుతున్నారు, నాకేం తెలుసు? ఇంగ్లాండు మొగుడు ఉన్నాడా?"

"ఉంటే కేకు పంపేదాన్ని."

"పాస్టరుగారి మీద..."

"జెల్ఫా, నీకు వయసు మీద పడింది, బుర్ర కూడా పడిపోతే ఎలా?"

"అయితే సూటిగా అడుగుతా, సూటిగా చెప్పు. ఆ ఆల్వన్ మీద నీకు ప్రేమ ఉందా, లేదా?"

డెల్సీటా గిలకొట్టడం ఆపింది. చెంచా గిన్నె అంచున దులిపి జెల్ఫా ముఖంలోకి చూసింది.

"లేకపోతే ఆ రోజు అందరికన్నా ముందు నా చెయ్యే లేచేది. ఎవరో నీళ్ళబండి మనిషి, ఏం చెప్పి మునిగితే నాకేంటి?"